బైపోలార్ డిప్రెషన్: తమ్ముడికి లిథియం రాస్తామంటున్నారు, ఇంట్లో అందరికీ భయం

కావలి_అక్క
మా తమ్ముడికి ఇరవై ఏడేళ్లు. అల్లూరు దగ్గర రొయ్యల చెరువుల మీద టెక్నీషియన్‌గా చేసేవాడు. పోయిన సంక్రాంతి తర్వాత మనిషి ఒక్కసారిగా మారిపోయాడు. నిద్ర లేదు, అలుపు లేదు, ఆగకుండా మాటలు. వడ్డీకి డబ్బు తెచ్చి సొంతంగా చెరువులు లీజుకు తీసుకున్నాడు. ఎక్స్‌పోర్ట్ కంపెనీ పెడుతున్నానని ఊరందరికీ ఫోన్లు చేశాడు. ఆసుపత్రిలో చేర్చితే బైపోలార్ అన్నారు. తగ్గింది. తగ్గాక మందులు మానేశాడు.

ఇప్పుడు దానికి పూర్తిగా వ్యతిరేకం. మంచం దిగడు, స్నానం చేయడు, అన్నం పెడితే రెండు ముద్దలు. మొదట చూపించిన డాక్టరు డిప్రెషన్ అని ఒక మాత్ర రాశారు. అది వేసుకోవడం మొదలుపెట్టాక దిగులు పోలేదు సరికదా, ఉన్న కాస్త నిద్ర కూడా పోయి చిరాకు పెరిగింది. ఇప్పుడు చూస్తున్న డాక్టరు ఆ మాత్ర ఆపేసి క్వెటియాపిన్ మొదలుపెట్టారు, లిథియం కూడా కలుపుతామన్నారు. తగ్గకపోతే కరెంటు ట్రీట్‌మెంట్ గురించి మాట్లాడదాం అన్నారు. లిథియం బ్యాటరీల్లో వేసేది కదా అని అమ్మ ఏడుస్తోంది. మామయ్య ఏఎస్ పేట దర్గాకు తీసుకెళ్దాం, ఈ మందులన్నీ ఆపండి అంటున్నాడు.

డిప్రెషన్‌కు డిప్రెషన్ మాత్ర ఎందుకు వద్దన్నారు? లిథియం వాడుతున్నవాళ్లు ఇక్కడ ఉంటే చెప్పండి. ఇంకోటి. నిన్న నాతో "నేను లేకపోతే మీకు అప్పు ఒక్కటే మిగులుతుంది, అది తీర్చుకోవచ్చు" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

పొదిలి_మాస్టారు
అమ్మా, మందుల సంగతి తర్వాత మాట్లాడదాం. మీరు ఆఖర్న రాసిన మాట ముందు చూడాలి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా" అని అతన్నే నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన కల్పించినట్టవుతుందని చాలామందికి భయం. అలా జరగదు. అడిగే మనిషి ఉంటే లోపల ఉన్నది బయటికి వస్తుంది. ఎలా చేసుకోవాలో కూడా ఆలోచించానని అంటే ఈ రాత్రికే ఆసుపత్రికి తీసుకెళ్లండి, అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. ఒంటరిగా వదలొద్దు. పురుగుమందులు, చెరువుకు వాడే కెమికల్స్, మాత్రల డబ్బాలు అన్నీ అతనికి అందకుండా చేయండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్, నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

లిథియం గురించి రేపు రాస్తాను. నేను దాని మీదే ఉన్నాను, బడికి వెళ్లి పాఠాలు చెబుతున్నాను.

మూలాపేట_అమ్మాయి
ముందు మాస్టారు చెప్పింది చేయండి అక్కా. చేశాక ఇక్కడ ఒక ముక్క రాయండి, చూస్తుంటాం.

కావలి_అక్క
అడిగాను. అడగ్గానే ఏడ్చేశాడు. ఆలోచనలు వస్తున్నాయట, ఏమీ సిద్ధం చేసుకోలేదన్నాడు. 14416కు కలిపాను, వాళ్లు వాడితో కూడా చాలాసేపు మాట్లాడారు. పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. అమ్మ వాడి గదిలోనే పడుకుంది. మాత్రలు నా బీరువాలో పెట్టి తాళం వేశాను.

అల్లూరు_రైతు
మంచి పని చేశావు తల్లీ. అప్పు సంగతి మనసులో పెట్టుకుని కుమిలిపోతున్నట్టున్నాడు. లీజు ఇచ్చినాయన మా వైపు మనిషే అయితే పెద్దమనుషులతో మాట్లాడించొచ్చు. నాకు విడిగా మెసేజ్ పెట్టు.

పీజీ_సైకియాట్రీ
ఇక్కడే మెడికల్ కాలేజీలో సైకియాట్రీ పీజీ చేస్తున్నాను. మీ తమ్ముడిని చూడలేదు కాబట్టి ఏ మందు ఎంత వాడాలో చెప్పను. మీ డాక్టరు ఎందుకలా అన్నారో మాత్రం చెప్పగలను.

బైపోలార్ ఉన్నవాళ్లు జోరు మీద ఉన్నప్పుడు మా దగ్గరికి రారు, తమకేమీ లేదంటారు. దిగులుగా ఉన్నప్పుడు వస్తారు. పాత మేనియా, అంటే ఆ జోరు, గురించి ఇంట్లోవాళ్లు చెప్పకపోతే ఎదురుగా కూర్చున్న డాక్టరుకు కనిపించేది డిప్రెషన్ ఒక్కటే. అప్పుడు యాంటీడిప్రెసెంట్, అంటే డిప్రెషన్ మాత్ర, రాస్తారు. బైపోలార్ టైప్ 1 (పూర్తి స్థాయి మేనియా వచ్చే రకం) ఉన్నవాళ్లకు అది ఒక్కటే ఇస్తే కొందరికి మళ్లీ మేనియా ఎత్తుకుంటుంది. కొందరికి దిగులు, చిరాకు, నిద్రలేమి కలగలిసిన స్థితి వస్తుంది. ఇది ఇంకా ప్రమాదం. దిగులు అలాగే ఉండి, ఏదో ఒకటి చేసేసే ఊపు మాత్రం వస్తుంది. మీరు చెప్పింది వింటే మీ డాక్టరు దాన్నే అనుమానించి ఉంటారు.

సరే, మూడ్ అటూ ఇటూ పోకుండా నిలిపే మందు, అంటే మూడ్ స్టెబిలైజర్, వేసి దానికి యాంటీడిప్రెసెంట్ కలిపితే? అమెరికాలో స్టెప్-బీడీ అనే పెద్ద అధ్యయనంలో ఇదే చూశారు, 2007లో ఫలితాలు వచ్చాయి. 366 మంది. నిలకడగా కోలుకున్నవాళ్లు యాంటీడిప్రెసెంట్ కలిపిన వైపు 23.5 శాతం, మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చిన వైపు 27.3 శాతం. అంటే కలిపినందుకు లాభం కనబడలేదు. మేనియాలోకి జారినవాళ్లు రెండు వైపులా ఇంచుమించు సమానమే. కాకపోతే వాళ్లందరూ స్టెబిలైజర్ మీద ఉన్నవాళ్లని గుర్తుంచుకోవాలి.

ఈ దిగులు మీద పనిచేస్తాయని గట్టి ఆధారం ఉన్న మందులు కొన్నే ఉన్నాయి. క్వెటియాపిన్, లురాసిడోన్, కారిప్రజిన్, ఒలాంజపిన్-ఫ్లూఆక్సెటిన్ కలిపిన మాత్ర. లామోట్రిజిన్ నెమ్మదిగా పనిచేస్తుంది, డిప్రెషన్ మళ్లీ మళ్లీ రాకుండా చూడటంలో దానికి పేరు. లిథియం మేనియా, డిప్రెషన్ రెండు వైపులా కాస్తుంది. పైగా అది వాడేవాళ్లలో ఆత్మహత్యలు తక్కువని ఏళ్ల తరబడి పరిశీలనల్లో కనిపించింది. మీ తమ్ముడు అన్న మాట వింటే డాక్టరు లిథియం వైపు ఎందుకు మొగ్గారో నాకు అర్థమవుతోంది.

మూలాపేట_అమ్మాయి
@పీజీ_సైకియాట్రీ ఇక్కడ నేను ఒప్పుకోను. నాకు టైప్ 2, జోరు తక్కువ స్థాయిలో వచ్చే రకం. లామోట్రిజిన్‌తో పాటు సెర్ట్రాలిన్ అనే యాంటీడిప్రెసెంట్ కూడా వాడుతున్నాను, దాంతోనే ఆఫీసుకు వెళ్లగలుగుతున్నాను. యాంటీడిప్రెసెంట్ అంటే విషమన్నట్టు రాస్తే నాలాంటివాళ్లు భయపడి మానేస్తారు.

పీజీ_సైకియాట్రీ
@మూలాపేట_అమ్మాయి మీరన్నది న్యాయమే. టైప్ 2లో లెక్క వేరు, కొందరికి అది పనిచేస్తుంది, చూసుకుంటూ ఇస్తారు. నేను రాసింది మేనియా వచ్చి ఆసుపత్రిలో చేరిన మనిషికి స్టెబిలైజర్ లేకుండా ఇవ్వడం గురించి. ఎవరూ ఇది చదివి మాత్ర ఆపొద్దు.

సహజ_జీవి
ఇన్ని మందుల పేర్లు చదివితేనే తల తిరుగుతోంది. లిథియం కిడ్నీలు తినేస్తుందని అందరికీ తెలుసు. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వదలదు. పొద్దున ఎండ, ప్రాణాయామం, చేపలు, ఆకుకూరలు, ఫోన్ దూరంగా పెట్టడం, వీటితో ఎంతమంది బాగుపడలేదు?

మందులషాపు_కందుకూరు
@సహజ_జీవి ఎండ, నడక, చేపలు అన్నీ మంచివే అన్నా. మంచం దిగలేని మనిషిని ప్రాణాయామానికి ఎలా కూర్చోబెడతావు?

పొదిలి_మాస్టారు
@సహజ_జీవి కిడ్నీల భయాన్ని నేను తీసిపారేయను. మాది ఫ్లోరైడ్ నీళ్ల వైపు. ఊళ్లో కిడ్నీ మాట ఎత్తితే ఇల్లంతా నిశ్శబ్దమవుతుంది. నాకు లిథియం రాసినప్పుడు మా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న అదే.

అందుకని అది ఎలా వాడతారో చెబుతాను. మొదలుపెట్టే ముందు కిడ్నీల కోసం క్రియాటినిన్, ఇంకా థైరాయిడ్, కాల్షియం చూశారు. మొదట్లో తరచుగా, తర్వాత ఆరు నెలలకోసారి ఇవన్నీ చూస్తూనే ఉన్నారు. రక్తంలో లిథియం ఎంత ఉందో కూడా చూస్తారు. సాధారణంగా 0.6 నుంచి 1.0 మధ్య ఉంచుతారు. 1.5 దాటితే విషమవుతుంది. పనిచేసే మోతాదుకూ హాని చేసే మోతాదుకూ మధ్య దూరం తక్కువ, అందుకే ఇంత కాపలా. ఏళ్లు గడిచేకొద్దీ కొందరికి కిడ్నీ పనితనం తగ్గే మాట నిజం. పరీక్షలు వదలకుండా చేయించుకునేవాళ్లకు అది ముందే తెలుస్తుంది, డోసు తగ్గిస్తారు లేదా మందు మారుస్తారు.

నాకు వచ్చిన ఇబ్బందులు కూడా దాచను. దాహం ఎక్కువ, రాత్రి లేచి బాత్రూముకు వెళ్లాలి. మొదట్లో చెయ్యి వణికేది, బోర్డు మీద సుద్దముక్కతో రాస్తుంటే అక్షరం కుదిరేది కాదు. డోసు సర్దాక తగ్గింది. థైరాయిడ్ మందగించింది, దానికి పొద్దున్నే ఇంకో మాత్ర. ఒళ్లు కొంచెం వచ్చింది. ఇవన్నీ ఒక పక్క. లిథియానికి ముందు పదో తరగతి పిల్లల్ని పరీక్షల నెలల్లో వదిలేసి సెలవులో పడుకున్న సంవత్సరాలు ఇంకో పక్క. ఏ పక్క కావాలో నాకు తెలుసు.

బ్యాటరీ అని భయపడుతున్న అమ్మగారికి చెప్పండి. అది భూమిలో దొరికే ఒక రకం లవణం. 1949లో జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా డాక్టరు మేనియాకు వాడి చూశాడు. అప్పటి నుంచి ఎన్నో కొత్త మందులొచ్చాయి, దీన్ని మాత్రం ఎవరూ పక్కన పెట్టలేకపోయారు.

కావలి_అక్క
మాస్టారూ, ఇది ప్రింటు తీసి అమ్మకు చదివి వినిపించాను. రెండోసారి చదవమంది.

మందులషాపు_కందుకూరు
లిథియం గురించి షాపులో నేను ప్రతి ఒక్కరికీ చెప్పే మాటలు రాస్తాను. మన దగ్గర ఇవి చాలా ముఖ్యం.

ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వేసుకోవద్దు. అవి రక్తంలో లిథియాన్ని పెంచుతాయి. మన పల్లెల్లో ఎవరికి నడుము పట్టినా ఆర్‌ఎంపీ దగ్గర పొడిపించుకునేది ఆ నొప్పి ఇంజెక్షనే. "నేను లిథియం వాడుతున్నాను" అని సూది వేయకముందే చెప్పాలి. జ్వరానికీ నొప్పికీ పారాసెటమాల్ చాలు. బీపీ మాత్రల్లో టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, నీరు తీసే హైడ్రోక్లోరోథయజైడ్ కూడా పెంచుతాయి. బీపీ చూసే డాక్టరుకు లిథియం సంగతి తెలియాలి.

ఇక ఎండ. రోహిణి కార్తెలో ఒంగోలు, కందుకూరు ఎలా ఉంటాయో మీకు తెలుసు. చెమటతో నీరు, ఉప్పు పోతే కిడ్నీ లిథియాన్ని పట్టి ఉంచుకుంటుంది, లెవెల్ పెరుగుతుంది. వాంతులు, విరేచనాలు అయినా అంతే. నీళ్లు బాగా తాగాలి. ఎవరో చెప్పారని హఠాత్తుగా ఉప్పు మానేయకూడదు. రోజూ తినే ఉప్పు రోజూ ఒకేలా తినాలి. చెయ్యి బాగా వణకడం, తూలడం, మాట ముద్దగా రావడం, ఆగని వాంతులు కనిపిస్తే ఆ పూట మాత్ర ఆపి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

చెరువు గట్ల మీద మధ్యాహ్నం పనిచేసే కుర్రాడు అన్నారు కాబట్టి ఇంత రాశాను.

అల్లూరు_రైతు
ఉప్పు తగ్గించమంటే మావాళ్లు వినరులే. ఆవకాయ, ఎండుచేప లేకుండా మాకు అన్నం దిగదు.

మందులషాపు_కందుకూరు
@అల్లూరు_రైతు లిథియానికి ఆవకాయతో గొడవ లేదు బాబాయ్, బీపీకి ఉంది!

ల్యాబ్_ఒంగోలు
లెవెల్ టెస్ట్ గురించి నేను చెప్పాలి, చాలామందికి తప్పుగా వస్తోంది. ఆఖరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. రాత్రి తొమ్మిదికి వేసుకుంటే పొద్దున తొమ్మిదికి రండి. పొద్దున మాత్ర ఉంటే రక్తం ఇచ్చాకే వేసుకోండి. మాత్ర మింగి గంటకు వస్తే రిపోర్టులో ఎక్కువ చూపిస్తుంది, డాక్టరు అనవసరంగా డోసు తగ్గిస్తారు. పరగడుపున రానక్కర్లేదు, కావలసింది టైము.

ఇంకోటి ల్యాబ్‌వాళ్లకు. ఆకుపచ్చ మూత ట్యూబుల్లో కొన్నిటిలో రక్తం గడ్డకట్టకుండా వేసే లిథియం హెపారిన్ ఉంటుంది. అందులో తీస్తే ట్యూబులోని లిథియం కూడా కలిసి తప్పుడు రిపోర్టు వస్తుంది. ఇది లిథియం టెస్ట్ అని రక్తం తీసే పిల్లలకు ముందే చెప్పండి.

పీజీ_సైకియాట్రీ
@ల్యాబ్_ఒంగోలు ట్యూబు సంగతి చెప్పినందుకు చాలా థాంక్స్. డోసు మార్చాక అయిదు నుంచి ఏడు రోజులకు చూస్తే లెవెల్ స్థిరపడి ఉంటుంది.

దర్శి_కుర్రాడు
నాకు క్వెటియాపిన్‌తో బరువు బాగా పెరిగింది. పొద్దున పదింటి దాకా మత్తు. డిప్రెషన్ తగ్గింది, ఒప్పుకుంటాను. కానీ ప్యాంట్లు పట్టక మళ్లీ దిగులు. డాక్టరు లురాసిడోన్‌కు మార్చారు. బరువు ఆగింది. దీంతో కాలు ఒక చోట నిలవదు, ఊపుతూనే ఉండాలనిపించేది, చెప్తే సర్దారు. మార్చమని అడగడానికి మొహమాటపడకండి అని చెప్పడానికే రాస్తున్నా.

మందులషాపు_కందుకూరు
@దర్శి_కుర్రాడు లురాసిడోన్ అన్నంతోనే వేసుకుంటున్నావు కదా? కనీసం 350 కేలరీల తిండితో వేసుకుంటేనే ఒంటికి సరిగా పడుతుంది. రెండు ఇడ్లీలు చాలవు. అన్నం, పప్పు, కూరతో తిని వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వేసుకుని పనిచేయలేదని వచ్చేవాళ్లను చూస్తుంటాను.

దర్శి_కుర్రాడు
రాత్రి భోజనంతోనే అన్నా. ఇంకో సందేహం. కార్తీక మాసంలో అయ్యప్ప మాల వేసుకుందామనుకుంటున్నా. తెల్లవారుజామున లేవాలి, ఒంటిపూట భోజనం. వేసుకోవచ్చా?

పీజీ_సైకియాట్రీ
@దర్శి_కుర్రాడు నిద్ర తగ్గడం బైపోలార్‌లో మేనియాకు దారి తీసే పెద్ద కారణం. నలభై ఒక్క రోజులు మూడింటికి లేవడం నన్నడిగితే భయమే. రాత్రి తొందరగా పడుకుని ఏడు గంటల నిద్ర దక్కేలా చూసుకోగలవా, రాత్రి మాత్రతో తినేది సరిపడా ఉంటుందా, ఈ రెండూ మీ డాక్టరుతో, గురుస్వామితో కలిపి మాట్లాడు. కుదరకపోతే ఈసారి మాల లేకుండా దర్శనానికి వెళ్లిరా. శబరిమలలో మాల లేకుండా కూడా స్వామిని చూడొచ్చు, పదునెట్టాంబడి (పద్దెనిమిది మెట్లు) ఎక్కడానికి ఇరుముడి ఉండాలి, అంతే.

కోటమిట్ట_భాయ్
అదే ప్రశ్న నాది కూడా. మా అన్న లిథియం మీద ఉన్నాడు, రంజాన్ ఉపవాసాలు వదలనంటాడు.

పీజీ_సైకియాట్రీ
@కోటమిట్ట_భాయ్ రంజాన్‌కు నెల ముందే డాక్టరును కలవండి. కిడ్నీలు, లెవెల్ బాగుంటే మోతాదు ఇఫ్తార్ తర్వాతకు మార్చి, మధ్యలో లెవెల్ చూసుకుంటూ కొందరికి అనుమతిస్తాం. రంజాన్ ఎండాకాలంలో పడితే మాత్రం ఒప్పుకోను. తనంతట తాను మాత్రలు అటూ ఇటూ మార్చుకోవద్దు.

కోటమిట్ట_భాయ్
జబ్బుపడ్డవాళ్లకు ఉపవాసం తర్వాత పెట్టుకునే వీలు మతంలోనే ఉంది. ఇమామ్ గారితో చెప్పిస్తాను, నా మాటైతే వినడు.

@కావలి_అక్క మీ మామయ్య గారి మాటకు కోపం తెచ్చుకోవద్దు. మా నాన్న కూడా అన్నను దర్గాకు తీసుకెళ్తాడు, నేనే బండి మీద దింపుతాను. దువా చేయించుకుంటే ఇంట్లో పెద్దలకు ధైర్యం. మాత్రల కవరు మాత్రం జేబులోనే ఉంటుంది. మందు ఆపితేనే దువా ఫలిస్తుందని ఎవరైనా అంటే అప్పుడు వెనక్కి వచ్చేయండి.

చీమకుర్తి_నాన్న
దర్గా అయినా గుడి అయినా మఠం అయినా, రోగిని గొలుసుతో కట్టేసి ఉంచే చోట ఒక్క రాత్రి కూడా వదలకండి. తమిళనాడు ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న తెల్లవారుజామున మంటలంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు 28 మంది పోయారు. ఇప్పుడు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని నిషేధించింది.

కరెంటు ట్రీట్‌మెంట్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. మా పాపకు ఇచ్చారు. బైపోలార్ డిప్రెషన్ ముదిరి తిండి, నీళ్లు మానేసింది. పిలిస్తే కళ్లు తిప్పేది తప్ప మాట లేదు. మందులు పనిచేయడానికి వారాలు పడతాయి, ఆ పిల్లకు వారాలు లేవు. డాక్టరు ఈసీటీ, అంటే ఈ కరెంటు ట్రీట్‌మెంట్, అన్నప్పుడు నేను కుర్చీలోంచి లేచి బయటికి వచ్చేశాను. సినిమాల్లో చూసిందే కళ్ల ముందుకొచ్చింది.

జరిగింది వేరు. ముందు రాత్రి నుంచి ఏమీ తినిపించలేదు. మత్తు డాక్టరు వచ్చి నిద్రపుచ్చే ఇంజెక్షన్, కండరాలు వదులయ్యే ఇంజెక్షన్ ఇచ్చారు. పాపకు ఏమీ తెలియదు. లోపలికి తీసుకెళ్లి కాసేపటికే బయటికి తీసుకొచ్చారు. వారానికి రెండు మూడుసార్ల చొప్పున ఇచ్చారు. మధ్యలోనే ఒకరోజు "నాన్నా, ఆకలేస్తోంది" అంది. ఆ మాట కోసం నేను ఏమైనా ఇచ్చి ఉండేవాణ్ని.

జ్ఞాపకం గురించి కూడా చెప్పాలి. ఆ రోజుల సంగతులు చాలావరకు పాపకు గుర్తులేవు. అంతకుముందువి కొన్ని చెరిగాయి, కొన్ని తిరిగొచ్చాయి. దానికి బాధపడుతుంది. కానీ డిగ్రీ పూర్తి చేసింది. మత్తు ఇవ్వకుండా ఈసీటీ చేయడం అదే 2017 చట్టం ప్రకారం నేరం. ఎక్కడ చేయించినా మత్తు డాక్టరు ఉంటారా అని ముందే అడగండి. ఈసీటీ ఆగాక జబ్బు మళ్లీ రాకుండా మందులు వాడాలి, వాటిని వదలకూడదు.

కావలి_అక్క
చీమకుర్తి నాన్నగారూ, పాప ఎలా ఉంది ఇప్పుడు?

చీమకుర్తి_నాన్న
ఒంగోలులో ఉద్యోగం. నెలకోసారి వస్తుంది, నేను లావయ్యానని తిడుతుంది.

అల్లూరు_రైతు
కుర్రాడి పని గురించి ఒక మాట. రొయ్యల చెరువు అంటేనే రాత్రి కాపలా. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది, రెండింటికీ మూడింటికీ లేచి చూడాలి, కరెంటు పోతే జనరేటర్ వేయాలి. పంట పట్టే నెలలో ఎవరికీ కంటి మీద కునుకు ఉండదు. మామూలు మనిషే పిచ్చెక్కిపోతాడు. ఈ జబ్బు ఉన్నవాడికి ఆ పని మళ్లీ ఇవ్వొద్దు. అదే రంగంలో పగటి పనులు చాలా ఉన్నాయి. ల్యాబులో నీళ్ల టెస్టులు, మేత షాపు, ప్రాసెసింగ్ ప్లాంటులో పగటి షిఫ్టు. కోలుకున్నాక నా దగ్గరికి పంపు, పగటి పని చూపిస్తాను.

పీజీ_సైకియాట్రీ
@అల్లూరు_రైతు మీరు చెప్పిందే మా పుస్తకాల్లో ఒక చికిత్సగా ఉంది. రోజూ ఒకే టైముకు లేవడం, తినడం, మనుషులతో కలవడం, పడుకోవడం. నిద్ర లయ తప్పితే మూడ్ లయ తప్పుతుంది. మందుతో పాటు ఇది, కుటుంబాన్ని కూర్చోబెట్టి చేసే కౌన్సెలింగ్, రెండూ మళ్లీ రాకుండా ఆపడంలో పనిచేస్తాయి. రెండు రాత్రులు నిద్ర తగ్గినా అలసట లేదంటే, అదే మొదటి గుర్తు. అప్పుడే డాక్టరుకు ఫోన్ చేయాలి.

అల్లూరు_రైతు
రొయ్య చచ్చి తేలాక నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్ తిప్పితే ఏం లాభం, అంతే కదా డాక్టరుగారూ.

సింగరాయకొండ_చెల్లి
ఇన్నాళ్లూ చదువుతూ ఉన్నాను, ఇప్పుడు అడుగుతున్నా. నాకు పెళ్లయి ఏడాది. బైపోలార్‌కు వాల్‌ప్రొయేట్ వాడుతున్నాను, బాగానే ఉన్నాను. అత్తగారు పిల్లల గురించి అడుగుతున్నారు. మాత్ర ఆపేసి చూడమని పక్కింటావిడ అంది.

పీజీ_సైకియాట్రీ
@సింగరాయకొండ_చెల్లి ఈ వారంలోనే మీ సైకియాట్రిస్టును కలవండి. మీ అంతట మీరు ఆపొద్దు. హఠాత్తుగా ఆపితే జబ్బు తిరగబడుతుంది. కానీ వాల్‌ప్రొయేట్‌తో గర్భం దాల్చడం మంచిది కాదు. బిడ్డ వెన్ను, గుండె లోపాలు, తర్వాత చదువులో వెనకబడటం, వీటి ప్రమాదం ఈ మందుతో బాగా ఎక్కువ. పదిమందిలో ఒకరికి పుట్టుకతో లోపం వచ్చే అవకాశం ఉంటుంది. పిల్లలు కనే వయసు ఆడవాళ్లకు వీలైనంతవరకు దీన్ని రాయకూడదనే ఇప్పుడు అందరూ చెబుతున్నారు. వేరే మందుకు మార్చి, కుదురుకున్నాక గర్భానికి వెళ్లొచ్చు. అప్పటిదాకా గర్భం రాకుండా జాగ్రత్త తీసుకోండి. ఈ జబ్బుతోనే పిల్లల్ని కని పెంచుతున్న తల్లులు మా ఓపీకి వస్తుంటారు. ఫోలిక్ యాసిడ్ గురించి కూడా అడగండి.

మూలాపేట_అమ్మాయి
@సింగరాయకొండ_చెల్లి నాకు లామోట్రిజిన్‌కు మార్చినప్పుడు చాలా నెమ్మదిగా పెంచారు. రెండు వారాలు 25 మిల్లీగ్రాములు, రెండు వారాలు 50, అలా. వాల్‌ప్రొయేట్ మీద ఉండగా మొదలుపెడితే ఇంకా తక్కువతో మొదలుపెడతారట. ఒంటి మీద దద్దుర్లు వస్తే, ముఖ్యంగా జ్వరం, నోట్లో పుండ్లతో, అదే రోజు డాక్టరుకు చూపించాలి. ప్రాణం మీదికి తెచ్చే చర్మ సమస్య కావచ్చు, అరుదే అయినా. మధ్యలో అయిదారు రోజులు మాత్ర తప్పితే పాత డోసు నుంచి మొదలుపెట్టకూడదు, మళ్లీ 25 నుంచే. గర్భం రాకుండా వేసుకునే మాత్రలు కొన్ని దీని పవర్ తగ్గిస్తాయి, అది కూడా చెప్పాలి.

మీ ఆయనకు తెలుసా జబ్బు సంగతి?

సింగరాయకొండ_చెల్లి
తెలుసక్కా. పెళ్లికి ముందే మా నాన్న చెప్పాడు. అత్తగారికి తెలియదు.

మూలాపేట_అమ్మాయి
మీ నాన్నగారు గొప్ప పని చేశారు. ఆయన్నే డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లు, అత్తగారికి ఏం చెప్పాలో ఇద్దరూ కలిసి ఆలోచించుకోవచ్చు.

నిర్వాహకుడు
రెండు పోస్టులు తీసేశాను. ఒకదాంట్లో ఒక ఆసుపత్రి పేరు పెట్టి తిట్లు, ఇంకోదాంట్లో గ్యారంటీగా నయం చేస్తామనే చూర్ణం ప్రకటన. మిగతా చర్చ సాగించండి.

పొదిలి_మాస్టారు
డబ్బు విషయం కూడా చెప్పాలి, ఆ పిల్లవాడు కుంగిపోతోంది దాని గురించే. బాగున్నప్పుడు ఇంట్లో అందరూ కూర్చుని ఒక ఒప్పందం రాసుకోండి. నిద్ర తగ్గినట్టు కనిపిస్తే ఏటీఎం కార్డు అక్క దగ్గర పెడతాను, ఫోన్‌లో డబ్బు పంపే పరిమితి తగ్గిస్తాను, కొత్త కాగితాల మీద సంతకం పెట్టను అని. మా ఇంట్లో అలాగే చేసుకున్నాం. అది ఎవరూ ఎవరినీ శిక్షించినట్టు కాదు, నేనే రాశాను కాబట్టి నాకు కోపం రాదు.

2017 చట్టంలో ఇలాంటిదే ఇంకొకటి ఉంది. జబ్బు తిరగబడితే నాకు ఏ చికిత్స కావాలి, ఏది వద్దు అని ముందే రాసి పెట్టుకోవచ్చు. నా తరఫున మాట్లాడేది ఎవరో కూడా రాయొచ్చు. అదే చట్టం ప్రకారం బీమా కంపెనీలు మిగతా జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ ఇవ్వాలి. పాలసీ ఉంటే కాగితాలు తీసి చదవండి. ఇబ్బంది ఎక్కువగా, ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకు సదరం శిబిరంలో వైకల్య సర్టిఫికెట్ కూడా ఇస్తారు, కనీసం 40 శాతం ఉండాలి.

సహజ_జీవి
మాస్టారి పోస్టు, చీమకుర్తి నాన్నగారి పోస్టు రెండుసార్లు చదివాను. కిడ్నీ గురించి నా అనుమానం పూర్తిగా పోలేదు. పరీక్షలు చేయించుకుంటూ వాడటం అనే మాటకు మాత్రం ఎదురు చెప్పను.

కావలి_అక్క
ఇంతమంది ఇన్ని రాశారు, ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేకపోతున్నా. లిథియం మొదలుపెట్టారు. మొదటి లెవెల్ 0.5 వచ్చింది, కొంచెం పెంచారు. దిగులు అలాగే ఉంది, డాక్టరు తొందరపడొద్దన్నారు. నిద్ర పడుతోంది. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే రాత్రయినా నన్ను లేపుతానని మాట ఇచ్చాడు, ఒకసారి లేపాడు కూడా. అల్లూరు బాబాయ్ లీజు ఆయనతో మాట్లాడి వడ్డీ ఆపించాడు. మామయ్య దర్గాకు తీసుకెళ్లాడు, మాత్రల కవరు ఆయనే పట్టుకున్నాడు.

ఒక ఇబ్బంది. డాక్టరు రాసిన లిథియం మా దగ్గర రెండు షాపుల్లో దొరకలేదు, మూడో షాపులో వేరే కంపెనీది ఇచ్చారు. తేడా ఉంటుందా?

మందులషాపు_కందుకూరు
@కావలి_అక్క కంపెనీ మారితే లెవెల్ మారొచ్చు. డాక్టరుకు చెప్పి వారం తర్వాత ఇంకోసారి టెస్ట్ చేయించండి. వీలైనంతవరకు ఒకే కంపెనీది వాడండి. స్ట్రిప్ మీద ఎస్ఆర్ అని ఉందో లేదో కూడా చూడండి, అది నెమ్మదిగా కరిగే రకం. మామూలు మాత్ర బదులు అది, అది బదులు మామూలుది ఇవ్వకూడదు. ఎస్ఆర్ మాత్ర నలపకండి, నమలకండి. ఈ మందు తక్కువమందికి వాడతారు కాబట్టి చిన్న షాపులవాళ్లు స్టాకు పెట్టరు. ఒకే షాపు పట్టుకుని, అయిపోవడానికి పది రోజుల ముందే చెప్పి ఉంచితే ఎవరైనా తెప్పిస్తారు. కావలిలో దొరక్కపోతే నాకు చెప్పండి, కందుకూరు నుంచి బస్సులో వేస్తాను.